మామూలు, మామూళ్లు, మనోడు: ఒక చెడ్డ పోలీసు కథ మనల్ని ఎందుకు కూర్చోబెడుతుంది?

లంచానికి తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి గానీ, పోలీస్ స్టేషన్ దగ్గర ఎక్కువగా వినపడేది ఒకటే: మామూలు. ఒంట్లో ఎట్లుందంటే ‘మామూలే’ అంటాం. మే నెలలో కడప ఎండ మామూలే, మధ్యాహ్నం కరెంటు పోవడం మామూలే. అదే మాటను బహువచనం చేసి ‘మామూళ్లు’ అన్నామంటే మాత్రం, ఎదుటివాడు ఒకసారి అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తాడు. నిఘంటువు రాసిన బ్రౌను దొర మా ఊళ్లోనే కాపురమున్నాడు. అయినా ఈ బహువచనానికి అర్థం చెప్పించుకోవడానికి ఆయన దాకా పోవాల్సిన పనెవరికీ లేదు.

ఈ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన ఎండాకాలమంతా మా వీధిలో నలుగురైదుగురం రాత్రిపూట మేడ మీద కూచుని ‘ది షీల్డ్’ అనే అమెరికా ధారావాహిక చూశాం. అవినీతి పోలీసుల కథ. పాతది. అయినా దానికి ప్రాణమిచ్చే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. రెండో వారానికి మేమూ ఆ గుంపులో కలిసిపోయాం. చూస్తూ చూస్తూ ఉండగా మా ఇంట్లోవాళ్లు అడిగిన ప్రశ్న ఒకటుంది: ‘పగలంతా పోలీసుల లంచాల గురించి తిడతారు. రాత్రయితే లంచగొండి పోలీసుకు ఏమీ కాకూడదని దేవుడికి దండం పెట్టుకుంటారు. ఏంది మీ లెక్క?’

జవాబు చెప్పబోయి నేనే తడబడ్డాను. ఇందులో కలిసిపోయిన సంగతులు నాలుగైదు ఉన్నాయి. ఒక్కోటి విడదీసి చూస్తే తప్ప లెక్క తేలదు. చివరి ఎపిసోడ్ గురించి కూడా మాట్లాడాలి కాబట్టి, చూడాలనుకునేవాళ్లు ‘సంతకం పెట్టాక చెప్పిన నిజం’ అనే భాగం దగ్గర ఆగిపోవచ్చు.

ముందు కథేంటో

‘ది షీల్డ్’ ఎఫ్ఎక్స్ అనే అమెరికా కేబుల్ చానల్లో 2002 మార్చిలో మొదలై, ఏడు సీజన్లు నడిచి, 2008 నవంబరులో ముగిసింది. లాస్ ఏంజెలెస్‌లో ఫార్మింగ్టన్ అనే ఊహా ప్రాంతం. ఒక పాత చర్చిని స్టేషనుగా మార్చుకున్నారు. అందులో గ్యాంగుల పని పట్టడానికి ‘స్ట్రైక్ టీమ్’ అనే చిన్న దళం. దళానికి నాయకుడు విక్ మాకీ. గుండు, మందపాటి మెడ, ఎప్పుడూ ఎక్కడికో తోసుకుపోతున్నట్టుండే నడక. ఆ పాత్ర వేసిన మైకేల్ చిక్లిస్‌కు 2002లో ఉత్తమ నటుడిగా ఎమ్మీ అవార్డు వచ్చింది. మరుసటి ఏడు ధారావాహికకే గోల్డెన్ గ్లోబ్ దక్కింది.

దళంలో మిగతా ముగ్గురు షేన్, లెమ్, రోనీ. వీళ్లు గ్యాంగుల్ని పడతారు, నిజమే. ఒక మత్తుమందుల వ్యాపారిని లోపలేయించి, ఇంకొకడి దగ్గర వాటా తీసుకుంటారు. వీధి ప్రశాంతంగా ఉంటుంది, జేబూ నిండుతుంది. వీళ్ల మీద కన్నేసిన కెప్టెన్ అసవేడా. పక్కనే మామూలు కేసులు నిజాయితీగా చూసుకునే డిటెక్టివులు క్లాడెట్, డచ్.

మొదటి ఎపిసోడ్ చివర విక్ ఒక మనిషిని చంపుతాడు. చనిపోయినవాడు దొంగ కాదు, సాటి పోలీసు. టెర్రీ అనే ఆ కుర్రాణ్ని దళంలోకి పంపించిందే లోపలి సంగతులు బయటికి చెప్పమని. ఒక ఇంటి మీద దాడి చేసి, అక్కడి మత్తుమందుల వ్యాపారి పడిపోయాక, వాడి తుపాకీతోనే టెర్రీ ముఖం మీద కాలుస్తాడు. ఇక ఏడేళ్ల కథంతా ఆ ఒక్క తూటా వెనకాల నడుస్తుంది.

గడ్డి తినేవాళ్లు, వేటాడేవాళ్లు

అవినీతి అని ఒకే మాట వాడతాం గానీ అందులో రకాలున్నాయి. న్యూయార్క్ పోలీసుల లంచాల మీద 1970లో వేసిన నాప్ కమిషన్ 1972లో నివేదిక ఇచ్చింది. అందులో పోలీసుల్ని రెండు జాతులుగా చెప్పింది: గడ్డి తినేవాళ్లు, మాంసం తినేవాళ్లు. దారిలో కనపడింది మేసేవాడు మొదటి రకం. కావాలని వేటకు పోయేవాడు రెండో రకం. తప్పుడు పని చేసినవాణ్ని ‘గడ్డి తిన్నావురా?’ అని మనం తిట్టే తిట్టు వాళ్లకెట్లా దొరికిందో గానీ, పోలిక మాత్రం మనదే అన్నట్టు అతికింది.

మన సీమలో ఏదో ఒక టౌను అనుకోండి, పేరొద్దు. అక్కడ ఒకడు మట్కా పట్టీలు రాస్తుంటాడు. బీటు కానిస్టేబుల్ వాడి అంగడి ముందు ఆగి టీ తాగి, డబ్బులివ్వకుండా పోతాడు. పండక్కి వాడే ఐదొందలు చేతిలో పెడితే కాదనడు. ఇది గడ్డి. అదే స్టేషన్లో ఇంకొకాయన మట్కా నడిపేవాణ్ని పిలిపించి, నెలకు ఇంత అని తేల్చి, పక్క వీధిలో వాడి పోటీదారు మీద రైడు చేయిస్తాడు. ఇది మాంసం. మూడో ఆయన పైసా ముట్టడు. కానీ మట్కా కేసయితే వాడు జరిమానా కట్టి సాయంత్రానికి ఇంటికి పోతాడని కోపం. అందుకని వాడి స్కూటర్ డిక్కీలో గంజాయి పొట్లం పెట్టి పట్టుకుంటాడు. ఊరు బాగుపడాలనే చేశాడు. దీన్ని విద్వాంసులు ‘మంచి పని కోసం చేసే అవినీతి’ అంటారు. ఇప్పుడా పొట్లం పెట్టడం ఎవరో ఫోన్లో తీశారనుకుందాం. ఆ ఫోనున్నవాణ్ని బెదిరించడం, అవసరమైతే వాణ్నే లేకుండా చేయడం నాలుగో మెట్టు: కప్పిపుచ్చుకోవడం.

మనం రోజూ తిట్టేది మొదటి రకాన్ని. సినిమాలో విలన్ని చేసేది రెండో రకాన్ని. మూడో రకానికి చప్పట్లు కొడతాం. నాలుగోది కనపడదు, కనపడితే కేసవుతుంది. విక్ మాకీ ఈ నాలుగూ ఒక్కడే చేస్తాడు, అదీ ఒక్కో వారం ఒక్కోటి. అందుకే వాడి గురించి ఇద్దరు మాట్లాడుకుంటే ఒకరు గంజాయి పొట్లం గురించి, ఇంకొకరు వాటా గురించి వాదిస్తుంటారు. మాట కలవదు.

నాప్ కమిషన్ ఇంకొకటి కూడా చెప్పింది. అసలు చిక్కు వేటగాళ్లతో కాదట, గడ్డి తినేవాళ్లతోనేనట. వాళ్లు ఎక్కువమంది కాబట్టి, లంచమనేది మర్యాదైన పనిలాగా కనపడుతుందని. మన మాటలో చెప్పాలంటే, మామూలు అవుతుంది. నేను పాస్‌పోర్టు పెట్టుకున్నప్పుడు వెరిఫికేషన్‌కు వచ్చినాయన కుర్చీలోంచి లేస్తూ ‘ఖర్చులకేమన్నా’ అన్నాడు. ఐదొందలు ఇచ్చాను. ఆయన బలవంతం చేయలేదు, నేను కోప్పడలేదు, మా ఆవిడ మజ్జిగ కూడా ఇచ్చింది. ఆ రోజు గడ్డి ఎవరు తిన్నట్టో నాకిప్పటికీ స్పష్టంగా తెలీదు.

ఆ గదిలోకి విక్‌ను పంపింది ఎవరు?

మొదటి ఎపిసోడ్‌లోనే, ఆ హత్యకు ముందు, ఇంకో సన్నివేశముంది. నా దృష్టిలో మొత్తం ధారావాహికకు తాళంచెవి అది.

ఒక చిన్న పాప కనపడలేదు. ఎక్కడుందో తెలిసినవాడు దొరికాడు గానీ నోరు విప్పడం లేదు. చదువుకున్నవాడు, చట్టం తెలిసినవాడు. డచ్ తన తెలివంతా వాడతాడు, క్లాడెట్ ఓపికంతా వాడుతుంది. గడియారం తిరుగుతోంది, పాప ప్రాణాలతో ఉందో లేదో తెలీదు. అప్పుడు కెప్టెన్ అసవేడా విక్‌ను పిలిపిస్తాడు. విక్‌ను జైల్లో పెట్టించాలని రాత్రింబగళ్లు చూస్తున్న ఆ అసవేడానే. విక్ ఒక సంచితో గదిలోకి పోతాడు. సంచిలోంచి సీసా, ఇంకా ఏవేవో తీసి బల్ల మీద పెడతాడు. చివరికి టెలిఫోన్ డైరెక్టరీ అందుకుంటాడు. బయట తెర మీద చూస్తున్న అధికారులు తల తిప్పుకుంటారు. పాప దొరుకుతుంది.

మాతో పాటు ఒక పెద్దాయన చూసేవారు. మా వీధిలోనే ఉంటారు, రిటైరైన హెడ్ కానిస్టేబుల్. సర్వీసులో సగం స్టేషన్ రైటర్‌గానే గడిపారు. నేను మామా అంటాను, ఆయన అల్లుడా అంటారు. టెలిఫోన్ డైరెక్టరీ ఎందుకని మా కుర్రాడొకడు అడిగితే, ఆయన తెర మీద నుంచి చూపు తిప్పకుండానే ‘మచ్చ పడదు’ అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ ఎపిసోడ్ అయిపోకముందే చెప్పులేసుకుని ఇంటికి పోయారు.

1980లో కార్ల్ క్లోకర్స్ అనే అమెరికా విద్వాంసుడు ఈ చిక్కుముడి మీదే ఒక వ్యాసం రాశాడు. మంచి ఫలితం మురికి దారిలోనే దొరుకుతుందని తోచినప్పుడు పోలీసు ఏం చేయాలి? ఆయన తేల్చింది ఏమంటే, ఇందులో చెయ్యి కాలకుండా బయటపడే దారి లేదు. మురికి దారి పట్టినవాడికి శిక్ష పడాలి, లేకపోతే ఆ దారే రోడ్డయిపోతుంది.

మన చట్టం ఈ గదిలోకి ఎప్పుడో తొంగి చూసింది. పోలీసు అధికారి దగ్గర చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 సాక్ష్యాధార చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 23వ సెక్షన్‌లోకి వచ్చింది. అంటే, పోలీసు కొట్టి ఒప్పిస్తాడన్న అనుమానం చట్టానికే ఉంది. అయితే దానికొక సందు కూడా వదిలారు. నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు సంబంధించినంత వరకు మాట చెల్లుతుంది.

ఈ సందు ఎంత వెడల్పో తేల్చింది మన తెలుగువాళ్ల కేసే. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై, స్వాతంత్య్రానికి ముందు మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. నేటికీ కోర్టుల్లో దాన్నే చెప్పుకుంటారు. అందులో ఇచ్చిన ఉదాహరణ సులువుగా ఉంటుంది. ‘మా ఇంటి కప్పులో కత్తి దాచాను, తీసిస్తాను’ అని నిందితుడు చెప్పి, కత్తి దొరికితే ఆ మాట చెల్లుతుంది. ‘దాంతోనే ఫలానావాణ్ని పొడిచాను’ అన్న తోక మాత్రం చెల్లదు. పేపర్లో ‘నిందితుడు ఇచ్చిన సమాచారంతో వేటకొడవలి స్వాధీనం’ అని చదువుతుంటాం గదా, ఆ వాక్యం వెనకున్నది ఇదే.

దీని మీద ఇద్దరి మాటా వినాలి. వస్తువు అబద్ధం చెప్పదు, కాబట్టి ఈ సందు న్యాయమే అంటారు ఒకరు. వస్తువు కావాలంటే ముందు నోరు తెరిపించాలి గదా, ఆ తెరిపించడమెట్లాగో ఎవరు చూశారంటారు ఇంకొకరు. సుప్రీంకోర్టు 1996లో డీకే బసు కేసులో అరెస్టుకు పదకొండు నియమాలు పెట్టింది. 2020లో ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు, లాకప్పులతో సహా, ఉండాలంది. విక్ ఆ గదిలోకి వెళ్లినప్పుడు కూడా కెమెరా ఉంది, చూసేవాళ్లూ ఉన్నారు.

నిజంగా జరిగిన కథ

ఇదంతా ఊహ అనుకోవద్దు. ధారావాహికకు మొదట అనుకున్న పేరే ‘ర్యాంపార్ట్’. లాస్ ఏంజెలెస్‌లో నిజంగా ఉన్న పోలీసు డివిజన్ పేరు అది. అక్కడ గ్యాంగుల కోసం క్రాష్ అనే ప్రత్యేక దళముండేది. అందులోని రఫాయెల్ పెరెజ్ అనే అధికారి, సాక్ష్యంగా భద్రపరిచిన కొకైన్‌ను గిడ్డంగి నుంచి దొంగిలించి 1998లో దొరికిపోయాడు. శిక్ష తగ్గించుకోవడానికి నోరు విప్పాడు. డెబ్బై మందికి పైగా పోలీసుల పేర్లు బయటికొచ్చాయి.

అతను చెప్పిన వాటిలో ఒకటి హావియేర్ ఒవాండో కథ. 1996లో పెరెజ్, అతని జోడీ కలిసి, చేతిలో ఏ ఆయుధమూ లేని ఈ కుర్రాణ్ని కాల్చారు. తర్వాత పక్కన తుపాకీ పెట్టి, మా మీదికే వచ్చాడని కోర్టులో చెప్పారు. నడుము కింద చచ్చుబడిన ఆ కుర్రాడికి 23 ఏళ్ల జైలు పడింది. పెరెజ్ నోరు విప్పకపోతే అతను లోపలే ఉండేవాడు. నగరం తర్వాత అతనికి కోటిన్నర డాలర్లు చెల్లించింది. మొత్తం మీద వందకు పైగా శిక్షలు రద్దయ్యాయి, పరిహారాలకే సుమారు పన్నెండున్నర కోట్ల డాలర్లయ్యాయి. 2001 నుంచి పుష్కరకాలం లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ కేంద్రంతో కుదిరిన ఒప్పందం కింద, కోర్టు కనుసన్నల్లో నడవాల్సి వచ్చింది.

మన సినిమా పోలీసుకూ వీడికీ తేడా

లంచగొండి పోలీసు హీరో మనకు కొత్తేమీ కాదు. మన సినిమాల్లో వాడికొక దారి ఉంది: ఇంటర్వెల్ దాకా తింటాడు, తమాషా చేస్తాడు, పాట పాడతాడు. ఇంటర్వెల్ ముందు ఎవరో అమాయకులకు అన్యాయం జరుగుతుంది. వర్షం పడుతుంది. ఆ తర్వాత యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, అప్పటిదాకా తినిపించినవాళ్లనే చితకబాదుతాడు. తిన్న డబ్బు ఏమైందని ఎవరూ అడగరు. ప్రేక్షకుడి దగ్గర పాత బాకీ మాఫీ అయిపోతుంది.

‘ది షీల్డ్’లో ఇంటర్వెల్ లేదు. మాఫీ లేదు. రెండో సీజన్ చివర స్ట్రైక్ టీమ్ ఒక మాఫియా ముఠా డబ్బును కొల్లగొడుతుంది. మన సినిమాలో అయితే అదొక పండగ పాట. ఇక్కడ ఆ డబ్బే వాళ్లను కొరుక్కుతింటుంది. దాచాలి, ఖర్చు పెట్టకూడదు, ఒకరినొకరు నమ్మాలి. మూడో సీజన్ ముగిసేసరికి లెమ్ భరించలేక ఉన్న డబ్బును పొయ్యిలో వేస్తాడు. ఐదో సీజన్ చివర, లెమ్ ఎక్కడ నోరు విప్పుతాడోనని షేన్ అతని ఒళ్లో గ్రెనేడు పడేస్తాడు, అదీ అన్నా తమ్ముడా అని మాట్లాడుకుంటూనే. ఆ సన్నివేశానికి మేడ మీద ఎవరూ నోరెత్తలేదు. పంటపొలంలో, గడ్డివాములో దొరికిన నాటుబాంబుల వార్తలు చదువుతూ పెరిగినవాళ్లం. బాంబంటే తెర మీద సుమోలు ఎగరడం కాదని తెలిసినవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారిక్కడ.

మా ప్రాంతం వాళ్లకు ఈ కథ త్వరగా ఎక్కడానికి ఇంకో కారణముందని నాకనిపిస్తుంది. ఫ్యాక్షన్ నడిచిన రోజుల్లో ఊరికి కొత్త ఎస్సై వస్తే మొదట అడిగే ప్రశ్న ‘మంచోడా, చెడ్డోడా?’ అని కాదు. ‘మనోడేనా?’ అని. మనోడైతే అవతలోళ్ల మీద బైండోవర్ కేసులు పడతాయి, వాళ్ల పేర్లు రౌడీషీటుకెక్కుతాయి. అవతలోడైతే మన పేర్లు. చట్టం అదే, సెక్షన్లు అవే. ఒకే దెబ్బ మనోడు కొడితే కట్టడి, అవతలోడు కొడితే దౌర్జన్యం.

‘ది షీల్డ్’ ప్రేక్షకుడికి చేసేది అచ్చం ఇదే. విక్‌ను మనోణ్ని చేస్తుంది. వాడి పిల్లల ఆటిజం, పెళ్లాంతో గొడవలు, ఓ వీధి వేశ్య బిడ్డ కోసం పడే ఆరాటం, అన్నీ దగ్గరగా చూపిస్తుంది. పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము మీద, చేత్తో పట్టుకున్న కెమెరాతో తీశారు. కెమెరా వాడి భుజం వెనకాలే పరిగెడుతుంది. చూస్తున్నామని కాదు, వాడితో పాటు గోడ దూకుతున్నామని అనిపిస్తుంది. మొదటి ఎపిసోడ్ హత్య ప్రేక్షకుడికి తెలుసు, స్టేషన్లో మిగతావాళ్లకు తెలీదు. అంటే మొదటి రోజే మనల్ని గుట్టు దాచేవాళ్లలో ఒకరిగా చేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎవరైనా నిజాయితీపరుడు దగ్గరకొస్తుంటే, ‘అయ్యో దొరికిపోతాడే’ అని గుండె కొట్టుకునేది మనకు.

మా ఇంట్లోవాళ్లు అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబులో సగం ఇదే. దండం పెట్టుకున్నది లంచానికి కాదు, మనోడికి.

మెచ్చుకునేవాళ్లు, ఒప్పుకోనివాళ్లు

అభిమానుల్లోనూ అందరూ ఒకందుకే మెచ్చుకోరు. కొందరికి నచ్చేది వేగం, ఆ దురుసుతనం. వాళ్లకు విక్ హీరోనే. ఇంకొందరికి, నేనూ అందులోనే, నచ్చేది జ్ఞాపకశక్తి. ఒక తప్పు చేస్తే అది ఐదేళ్ల తర్వాత కూడా వచ్చి తలుపు తడుతుంది. చాలా ధారావాహికలు తమ తప్పుల్ని తామే మరిచిపోతాయి. మూడో రకం వాళ్లు క్లాడెట్ కోసం చూస్తారు. లూపస్ అనే, శరీరం తన మీదే తిరగబడే జబ్బుతో ఒళ్లు నీరసించిపోతున్నా, కెప్టెన్ పదవి చేతిదాకా వచ్చి జారిపోయినా, నిజం అనుకున్నది వదలని మనిషి. మొదటిసారి చూసినప్పుడు ఆమె అడ్డంకిలా కనిపిస్తుంది. రెండోసారి చూస్తే కథ ఆమెదే అనిపిస్తుంది.

ఒప్పుకోనివాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. నల్లజాతి, లాటినో పేటలను నేరాల గుహలుగా చూపించి, అలాంటి చోట ఇలాంటి పోలీసే కావాలన్న భావాన్ని నాటుతారని ఒకటి. ఎంత చెడ్డగా చూపించినా, ఏడేళ్లు కథ మధ్యలో నిలబెట్టిన మనిషి మీద ప్రేమ పుట్టక మానదని ఇంకొకటి. 2020లో కలర్ ఆఫ్ చేంజ్ అనే అమెరికా పౌరహక్కుల సంస్థ, 2017-18లో నడిచిన 26 నేర ధారావాహికలను పరిశీలించి ఒక నివేదిక ఇచ్చింది. వాటిలో తప్పుడు పనులు చెడ్డవాళ్లుగా చూపించిన పోలీసుల కంటే, మంచివాళ్లుగా చూపించిన పోలీసులే ఎక్కువగా చేస్తున్నారని, హాని అక్కడే ఉందని దాని సారం. ఎందుకంటే అవి తప్పుల్లా కనపడవు, మామూలుగా కనపడతాయి. ‘ది షీల్డ్’ అప్పటికే ముగిసిపోయింది కాబట్టి ఆ జాబితాలో లేదు. అభిమానులు ఈ నివేదికనే తమ వైపు తిప్పుకుంటారు: మావాడు తప్పు చేస్తే తప్పులాగే కనపడుతుంది, తేడా అదే అని. మొదటి సీజన్ వరకు ఈ జవాబు నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. ఐదో సీజన్ తర్వాత నమ్మక తప్పదు.

సంతకం పెట్టాక చెప్పిన నిజం

చివరి సీజన్లో దారులన్నీ మూసుకుపోయాక, విక్ కేంద్ర అధికారులతో ఒప్పందం చేసుకుంటాడు. ఒక పెద్ద మత్తుమందుల ముఠాను పట్టిస్తాడు, బదులుగా తను చేసిన నేరాలన్నిటికీ రక్షణ కావాలి. షరతు ఒకటే: ఏమేం చేశాడో అంతా చెప్పాలి. కాగితం మీద సంతకాలయ్యాక రికార్డర్ పెడతారు. విక్ చాలాసేపు మాట్లాడడు. తర్వాత టెర్రీని చంపిన సంగతితో మొదలుపెట్టి వరసగా చెప్పుకుంటూ పోతాడు. ఎదురుగా కూచున్న అధికారిణికి ముఖంలో రక్తం లేదు. ఎవరిని కాపాడానో ఆమెకు అప్పుడు తెలుస్తుంది.

ఇది మన దగ్గర కుదురుతుందా? అప్రూవర్ అనే మాట కడపలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అయినా చట్టమేమంటుందో చూద్దాం. నేర విచారణ ఎట్లా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 306, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 343వ సెక్షన్. ముగ్గురు కలిసి ఒక హత్య చేశారనుకోండి. మూడోవాడు నిజం చెప్తానంటే మేజిస్ట్రేటు క్షమాభిక్ష ఇవ్వొచ్చు. ఇచ్చేది పోలీసు కాదు, కోర్టు. ఆ నేరానికి సంబంధించి తెలిసిందంతా, తన పాత్రతో సహా, దాచకుండా చెప్పాలి. విచారణలో సాక్షిగా బోనెక్కాలి. ముందే బెయిలు మీద లేకపోతే విచారణ అయ్యేదాకా లోపలే ఉండాలి. ఏదైనా దాచాడని తేలితే క్షమాభిక్ష పోయి మళ్లీ ముద్దాయి అవుతాడు. ఇక్కడ ముఖ్యమైన తేడా ఏమంటే, ఆ క్షమాభిక్ష ఫలానా కేసు వరకే. పుట్టినప్పటి నుంచి చేసినవన్నీ ఒక్క సంతకంతో కడిగేసుకోవడం మన పద్ధతిలో లేదు. విక్‌కు ఇంకో లాభం కూడా దొరికింది. అప్రూవర్ తన తోటివాళ్ల ఎదుట నిలబడి చెప్పాలి. విక్ మూసిన గదిలో చెప్పాడు.

ఆ మాటల వల్ల రోనీ అరెస్టవుతాడు. తనకూ రక్షణ దొరికిందని నమ్మినవాడు, స్టేషన్ నడిబొడ్డున, విక్ చూస్తుండగానే. షేన్ అప్పటికే భార్యనూ చిన్న కొడుకునూ చంపి తనను తాను కాల్చుకున్నాడు. క్లాడెట్ ఆ ఫొటోలు తెచ్చి విక్ ముందు పరుస్తుంది. పాప కోసం కొట్టిన గది లాంటిదే ఆ గది కూడా. ఈసారి బల్లకు ఇవతలి వైపు కూచున్నది విక్. భార్యాపిల్లలు ఎక్కడున్నారో వాడికి ఇక తెలియదు. ఉద్యోగం మాత్రం ఉంది: సూటూ టై వేసుకుని, మూడేళ్లు ఒక ఆఫీసు మూలన కూచుని రిపోర్టులు రాయాలి. వీధిలోకి పోకూడదు.

తప్పించుకున్నాడా, శిక్ష పడిందా? అభిమానులు దీని మీదే కొట్టుకుంటారు. ఒక్క రోజు కూడా జైలుకు పోలేదు, టెర్రీ హత్యకు న్యాయమేదీ అంటారు ఒకవైపు. వీధి తప్ప ఇంకేమీ తెలియనివాడికి ఆ ట్యూబులైటు కింద కుర్చీ కంటే పెద్ద జైలేముంది అంటారు రెండోవైపు.

మామకు ఈ రెండో వాదన అసలు ఎక్కలేదు. ‘యాడ శిక్ష అల్లుడా? లూప్‌లైన్ ఏసినారు, అంతే గదా’ అన్నారు. మన దగ్గర ఆరోపణ వచ్చిన అధికారిని వీఆర్‌కు పంపుతారు, అంటే పోస్టింగ్ లేకుండా కూర్చోబెడతారు. లేదా ప్రాధాన్యం లేని చోటికి వేస్తారు. కొన్నాళ్లకు గాలి మారుతుంది, ఆర్డరొస్తుంది. ఆయన అట్లాంటి ఆర్డర్లు ఎన్నో చేత్తో రాసుకున్నవారు. అమెరికా ప్రేక్షకుడికి నరకంలా కనపడిన కుర్చీ ఆయనకు వెయిటింగ్ హాల్లా కనపడింది.

‘మూడేండ్ల తర్వాత ఏమైతాడో చూపిచ్చినారా?’

‘లేదు మామా, అక్కడితో అయిపోయింది.’

ఆఖరి నిమిషం మళ్లీ పెట్టమన్నారు. ఆఫీసంతా ఖాళీ. దూరంగా పోలీసు సైరన్. విక్ కిటికీ దాకా పోయి వస్తాడు, బల్ల దగ్గరున్న పెట్టె తాళం తీసి తుపాకీ బయటికి తీస్తాడు, నడుముకు దోపుకుని బయటికి పోతాడు. మామ చెయ్యెత్తి ఆపమన్నారు.

‘ఆ తుపాకీ డిపార్ట్‌మెంటుదా, సొంతందా?’

మాకు తెలీదన్నాం.

‘డిపార్ట్‌మెంటుదైతే డిపాజిట్ చెయ్యాల గదా. రిజిస్టర్లో ఎవరు రాసుకున్నారు?’ అంటూ ఆయనే రిమోట్ తీసుకుని ఇంకోసారి వెనక్కి తిప్పారు.